ఉత్తరపు దారిలో ఊరి సత్రం: ఫలకం మీది తేదీ, మాన్యం రికార్డులు, మద్రాసు టెర్రస్ కప్పు (ఒక చర్చ; ప్రతి మాట ముందూ రాసినవాళ్ళ మారుపేరు ఉంది)

ఉత్తరపుదారి:
మాధవరం దాటి రెడ్‌హిల్స్ వైపు వెళ్ళే పాత ట్రంకు రోడ్డు పక్కన ఒక సత్రం ఉంది. ఒకప్పుడు విడిగా ఉన్న ఊరు, ఇప్పుడు చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. వాకిలికి రెండు పక్కలా తిన్నెలు, లోపల మండువా, వెనక వంటసాల, ఆ వెనక చేదబావి. కప్పు మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన చదును కప్పు, రెండు చోట్ల కారుతోంది. వాకిలి పైన తెలుగు అక్షరాల రాతి పలక ఉంది. దాని మీద ఎన్ని సున్నం పూతలు పడ్డాయో లెక్కలేదు. కనిపించినంత వరకు ఇదీ:

మొదటి వరుస: శ్రీరామజయం
రెండో వరుస: దుందుభి నామ సం॥ ఫసలి ౧౨ (ఒక అంకె పోయింది) ౨
మూడో వరుస: సత్రము ... భూమి కాణి ౨
నాలుగో వరుస: దీపము నూనెకు నెల ౧కి వరహా ... (మిగతాది సున్నం కింద)

తెలియాల్సినవి మూడు. ఇది ఏ సంవత్సరం? ఆ రెండు కాణుల (కాణి పాత భూమి కొలత) భూమి ఏమైందో ఎక్కడ వెతకాలి? కారే కప్పుని సిమెంటుతో మూసేద్దామని ఊళ్ళో అంటున్నారు, అది సరైనదేనా?

ఫసలీలెక్క:
ముందు తేదీ చూద్దాం. ఫసలీ అంటే భూమి శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పోయిన అంకె దగ్గర 0 నుంచి 9 దాకా పెట్టి చూడండి. దుందుభికి సరిపోయేవి రెండే. 1212 అయితే 1802, 1272 అయితే 1862. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి రెండూ దుందుభే. మీ పలకలో సరిగ్గా ఆ పదుల స్థానమే పోయింది. అందుకే పేరు చూసి తేల్చేయకండి. పాత ఫలకాలను చదవడంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

ఇంకో సంగతి. ఫసలీ సంవత్సరం ఉగాదికి మారదు. మద్రాసు రాజధానిలో పూర్వం జూలై నడిమి నుంచి లెక్క, 1855 నుంచి జూలై 1. అంటే 1212 అయితే 1802 జూలై నడిమికీ 1803 ఉగాదికీ మధ్య, 1272 అయితే 1862 జూలై 1కీ 1863 ఉగాదికీ మధ్య. నెల, తిథి, వారం ఎక్కడైనా దొరికితే పాత తిథులకి ఇంగ్లీషు తేదీలు చూపే స్వామికన్ను పిళ్ళై గారి పట్టికల్లో పెట్టి చూడొచ్చు. తిథీ వారమూ రెండూ ఉంటే ఆ రెండు సంవత్సరాల్లో సాధారణంగా ఒకటే కలుస్తుంది.

కొత్తపేజీ:
1862 కుదరదేమో కదా? రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా రైలు 1856లోనే నడిచింది. రైలొచ్చాక బండి దారి మీద కొత్త సత్రం ఎవరు కట్టిస్తారు?

ఫసలీలెక్క:
అది పడమటి దారి మాట. ఆర్కాటు వైపు సత్రాలకు 1856 నుంచే రాకపోకలు తగ్గాయి, 1864లో లైను బెంగళూరు దాకా చేరింది. ఉత్తరాన గూడూరు, నెల్లూరు మీదుగా బెజవాడకి రైలు కలిసింది 1899లో. ఆ నలభై మూడేళ్ళూ ఈ ఉత్తరపు రోడ్డు మీద ఎద్దుబండ్ల రాకపోకలు సాగాయి. కాబట్టి 1862లో ఇక్కడ సత్రం కట్టించడంలో వింతేమీ లేదు. రైలు ఏ దిక్కున ఎప్పుడు వచ్చిందో చూడకుండా సత్రాల పతనానికి ఒకే తేదీ వేయడం తప్పు.

మండువా:
పలక చదవడం గురించి. దయచేసి ఉలితో, ఇనుప బ్రష్షుతో, యాసిడ్‌తో ఆ సున్నం తీయకండి. యాసిడ్ సున్నాన్నే కాదు, రాయి పైపొరనీ తింటుంది. నీళ్ళు చల్లి ఒక పూట నాననిచ్చి, వెదురు పుల్లతో పొర పొరగా లేపండి, మెత్తటి కుంచెతో తుడవండి. ఒక్కో పూత ఒక్కో రోజు పట్టినా పరవాలేదు.

తర్వాత చీకటి పడ్డాక టార్చి తీసుకోండి. వెలుగు ఎదురుగా వేస్తే అక్షరం కనిపించదు. పలకకి దాదాపు ఆనించి, ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి, కిందనుంచి ఏటవాలుగా వేసి నాలుగు ఫొటోలు తీయండి. కెమెరా కదలకూడదు, టార్చి ఒక్కటే తిరగాలి. గంటు ఎంత లోతు తక్కువైనా నీడ పడుతుంది. గంట్లలో సుద్ద గానీ పిండి గానీ నింపి చదవొద్దు. నింపినవాళ్ళ ఊహ అక్షరంగా మారిపోతుంది.

కాగితం అచ్చు తీయాలంటే పలక తడిపి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి గంట్లలోకి దింపాలి. తడి సగం ఆరాక సిరా పూసిన గుడ్డ ఉండతో పైపైన అద్దాలి. తొందరపడి తడి మీదే అద్దితే సిరా గంట్లలోకి పాకి అక్షరం పూడిపోతుంది.

ఎగ్మూరుపాఠకుడు:
తేదీ కంటే ముఖ్యమైన వాక్యం మూడో వరుసలో ఉంది. ‘భూమి కాణి ౨’. సత్రం చరిత్ర గోడల్లో కన్నా దాని మాన్యంలో ఎక్కువ దొరుకుతుంది. కట్టడం ఒక్కసారి కడతారు. నూనె, బియ్యం, ఊడ్చేవాళ్ళ జీతం ఏటేటా రావాలి, అవి భూమి నుంచే వస్తాయి. భూమి పోయిన రోజు నుంచే సత్రం పాడుపడటం మొదలవుతుంది. అందుకని భూమి వెంట నడవండి.

మొదట వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి) దగ్గర, లేదా ఆన్‌లైన్‌లో, ఆ ఊరి భూముల పట్టిక అయిన ‘ఎ’ రిజిస్టర్ చూడండి. సత్రం ఉన్న సర్వే నంబరు, విస్తీర్ణం, చివరి గడిలోని రిమార్కు రాసుకోండి. ‘సత్రం పొరంబోకు’ అనో ‘చావడి పొరంబోకు’ అనో ఉంటే మంచిదే. ‘గ్రామ నత్తం’ (ఊరి ఇళ్ళ స్థలం) అనో ఎవరి పేరుతోనో పట్టా అనో ఉంటే, 1979 నుంచి 1987 దాకా భూమి రికార్డులను కొత్తగా దిద్ది రాసిన యూడీఆర్‌లో మారిందేమో చూడాలి. ఆ పనిలో ధర్మ భూములు ఎన్నో అప్పటికి అనుభవిస్తున్నవాళ్ళ పేర్లకి ఎక్కాయి. అలాంటి ఎంట్రీని దిద్దమని దరఖాస్తు పెట్టాల్సింది జిల్లా రెవెన్యూ అధికారికి.

అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళాలి. ఇప్పటి సర్వే నంబరుకి పాత నంబరు, ఆ పాత నంబరుకి అంతకుముందరి పైమాషీ (పాతకాలపు భూమి కొలత) నంబరు. ఈ పొంతన పట్టిక లేకుండా ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తే రోజు వృథా. అక్కడ అడగాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. ఇనాములు, అంటే మాన్యాల హక్కులు తేల్చడానికి ఇనాం కమిషన్ 1858లో ఏర్పడింది. ప్రతి మాన్యానికీ పేజీలో అడ్డంగా గడులు ఉంటాయి: విస్తీర్ణం, ఏ పనికి ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఆ పని జరుగుతోందా లేదా. దేవుడి మాన్యాలు దేవదాయం కింద, సత్రాలు, చలిపందిళ్ళు ధర్మదాయం కింద ఉంటాయి. చాలామంది దేవదాయం చూసి ‘లేదు’ అని తిరిగొచ్చేస్తారు. ధర్మదాయం తప్పకుండా చూడండి.

మీ రెండు సంవత్సరాల చిక్కు కూడా ఇక్కడే తెగొచ్చు. 1802 నాటి దానమైతే ఈ రిజిస్టర్‌లో పాత మాన్యంగా కనిపించాలి. 1862 నాటికి ప్రభుత్వం పాత మాన్యాల హక్కులు తేల్చే పనిలో ఉంది. అప్పటి దానమైతే ఎవరో తమ సొంత భూమి రాసిచ్చి ఉండాలి, ఈ రిజిస్టర్‌లో అది దొరకకపోవచ్చు.

కొత్తపేజీ:
హిందూ మత ధర్మాదాయ శాఖ దగ్గర ఉండదా?

ఎగ్మూరుపాఠకుడు:
గుడికి కట్టుబడిన సత్రమైతే ఉండొచ్చు. కానీ సత్రాల అజమాయిషీ చాలా చేతులు మారింది. 1817 నాటి ఏడో రెగ్యులేషన్ గుళ్ళతోపాటు సత్రాలను, వంతెనలను కూడా రెవెన్యూ బోర్డు కిందికి తెచ్చింది. 1863లో గుళ్ళూ మసీదుల సంగతి వేరే చట్టం కిందికి వెళ్ళింది. 1871 లోకల్ ఫండ్ చట్టం తర్వాత బాటసారుల సత్రాలు చాలామట్టుకు లోకల్ బోర్డులకి చేరాయి. తర్వాత పంచాయతీలు, మునిసిపాలిటీలు. మాధవరం వైపు ఊళ్ళు 2011లో కార్పొరేషన్‌కి వచ్చాయి. ప్రతి మార్పులోనూ ఫైళ్ళు బదిలీ అయ్యాయి, ప్రతిసారీ కొన్ని పోయాయి. ఊరి కర్ణాల ఉద్యోగాలు 1980లో రద్దయినప్పుడు ఇళ్ళలో ఉన్న పాత లెక్కలు కూడా ఆఫీసుకి పూర్తిగా చేరలేదు. అందుకే ఒక్క శాఖ లేదంటే లేనట్టు కాదు.

ఇంకో చట్టం కూడా చూడాలి. 1963 నాటి మైనర్ ఇనాముల రద్దు చట్టం కింద మాన్యాలు రయితువారీ పట్టాలుగా మారాయి. అప్పుడు సత్రం తరపున ఎవరూ హాజరు కాకపోతే పట్టా సాగుదారుకి వెళ్ళిపోయే అవకాశం ఉంది. ఆ విచారణ ఉత్తర్వు కాపీ దొరికితే దాదాపు అంతా తెలిసిపోతుంది.

చావడిగట్టు:
పేర్ల గురించి ఒక మాట. ఇక్కడ చౌల్ట్రీ అంటే ఇప్పుడు పెళ్ళిమండపం అనే అర్థమే నిలిచింది, బెంగళూరులో ఛత్ర అన్నా అంతే. కానీ చౌల్ట్రీ అన్న మాట పుట్టింది మన చావడి నుంచి. చావడి అంటే పడుకునే చోటు మాత్రమే కాదు. ఊరి పంచాయతీ, సుంకం, తీర్పు అన్నీ అక్కడే. ఈస్టిండియా కుంపిణీ తొలి రోజుల్లో మద్రాసు పట్నం న్యాయస్థానాన్ని చౌల్ట్రీ కోర్టు అనే పిలిచారు. మౌంటు రోడ్డు చుట్టుపక్కల మైదానాన్ని చౌల్ట్రీ ప్లెయిన్ అన్నారు. కాబట్టి పాత ఇంగ్లీషు కాగితంలో చౌల్ట్రీ అని కనిపిస్తే అది బాటసారుల సత్రమో, సుంకం చావడో, కచేరీనో ముందు తేల్చుకోవాలి.

పూటకూళ్ళిల్లు మళ్ళీ వేరు. అక్కడ డబ్బిచ్చి తినాలి. ఓరుగల్లులో రూకకి పూటకూళ్ళ భోజనం దొరికేదని క్రీడాభిరామం చెబుతుంది: సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. సత్రంలో డబ్బు తీసుకోరు. తీసుకుంటే అది దాత పెట్టిన కట్టడి తప్పినట్టు. ఊళ్ళో పెద్దవాళ్ళు పూటకూళ్ళిల్లు అంటున్నారా, సత్రం అంటున్నారా అడిగి అదే మాట రాసుకోండి, మీరు మార్చకండి.

రాయపురం మణియక్కారర్ సత్రం సంగతి ఇక్కడ పనికొస్తుంది. హైదరాలీ యుద్ధం తెచ్చిన కరువులో, 1782లో, గంజి పోయడానికి మొదలైంది. మణియక్కారర్ అంటే ఊరి పెద్ద, ఇంగ్లీషు నోట్లో అది మోనెగార్ అయింది. ఆ ధర్మం పక్కనే వైద్యం కూడా మొదలై స్టాన్లీ ఆసుపత్రిగా ఎదిగింది. ఇప్పటికీ దాన్ని కంజి తొట్టి ఆసుపత్రి అనేవాళ్ళున్నారు. కట్టడం మారి, పని మారి, పేరులో మాత్రం గంజి తొట్టి మిగిలింది. మీ ఊళ్ళో కూడా వీధి పేర్లు, బస్‌స్టాపు పేర్లు, చెరువు గట్టు పేర్లు అడగండి.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో తండయారుపేట నుంచి కాశీకి బయలుదేరి దారిలోని ప్రతి మజిలీలో సత్రం ఉందా, నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళున్నాయా అని ‘కాశీయాత్ర చరిత్ర’లో రాసిపెట్టారు. మీ ఊరు ఆయన దారిలో ఉంటే ఆ పేజీ చూడాలి. 1830లో అక్కడ సత్రం ఉందంటే 1862 కొట్టుకుపోతుంది. ఆయన పేర్కొనకపోతే మాత్రం సత్రం లేదనడానికి అది రుజువు కాదు. దిగని ఊళ్ళ గురించి ఆయన ఒక్క ముక్కతో దాటేస్తారు.

మండువా:
కట్టడంలో చూడాల్సినవి చెప్తాను. తిన్నె గోడవైపు కొస కొంచెం ఎత్తుగా, ఏటవాలుగా ఉందా? అది తలగడ దిమ్మ. పడుకోవడానికే కట్టిన తిన్నె అని దాన్ని బట్టి తెలుస్తుంది. కచేరీ చావడిలో అది ఉండదు. దీపపు గూళ్ళు ఎన్ని, మసి ఎక్కడ మందంగా ఉంది? వంటసాలలో గాడిపొయ్యి గుంట ఎంత పొడుగు? మూడు నాలుగు గుండిగలు వరసగా పెట్టే గాడిపొయ్యి ఉంటే అక్కడ వండి వడ్డించారు. విడివిడిగా చిన్న చిన్న పొయ్యి గూళ్ళే ఉంటే బియ్యం, పప్పు, కట్టెలు ఇచ్చి స్వయంపాకం చేసుకోమన్న సత్రం.

వంటసాలలు రెండున్నాయా, వాకిళ్ళు రెండున్నాయా కూడా చూడండి. కొన్ని సత్రాల్లో వండిన అన్నం ఒక కులానికే, మిగతావాళ్ళకి వెనక వసారాలో దినుసులు, ఇంకొందరికి అసలు ప్రవేశమే లేదు. ఊరి సత్రం చరిత్ర రాసేవాళ్ళు దీన్ని దాటేయకూడదు. ధర్మశాలల్లో అంటరానితనం పాటించడం నేరమని 1955 చట్టం చెప్పాల్సి వచ్చిందంటే కారణం ఈ కట్టడాల్లోనే కనిపిస్తుంది. ప్లాను గీసేటప్పుడు మూసేసిన వాకిలి గుర్తులు కూడా గీయండి.

తేదీకి కప్పు మీద ఆధారపడొద్దు. బంగళా పెంకు కనిపిస్తే అది 1865 తర్వాతది, మంగళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ అప్పుడే మొదలైంది. కానీ అది ఆ మరమ్మతు తేదీ మాత్రమే. తిన్నె మీద గీసిన పులిజూదం గళ్ళు ముచ్చటగా ఉంటాయి, తేదీకి పనికిరావు.

గానుగసున్నం:
కప్పు మాటకొస్తా. సిమెంటు వద్దు. ఎందుకో చెప్తాను.

మద్రాసు టెర్రస్‌లో టేకు దూలాల మీద సన్నటి టెర్రస్ ఇటుకలు, 15 సెంటీమీటర్ల పొడుగు, 7.5 వెడల్పు, 2.5 మందం, నిలబెట్టి ఐమూలగా సున్నంలో పేరుస్తారు. దాని పైన ఇటుక జల్లి కాంక్రీటు: మూడు పాళ్ళు ఇటుక ముక్కలు, ఒక పాలు సన్నకంకర, ఇసుక కలిపినది, ఈ మొత్తంలో సగం కొలత సున్నం మోర్టారు. 10 సెంటీమీటర్లు పరిచి కొయ్య పలకలతో మూడు రోజులు కొట్టి 7.5కి దించుతారు. కొడుతున్నంతసేపూ సున్నపు నీళ్ళు చల్లుతుండాలి. ఆ పైన సున్నంలో పలచటి బిళ్ళ పెంకులు రెండు మూడు వరసలు. వాలు 36కి 1.

ఈ కప్పు ఊపిరి పీల్చే కప్పు. వానకి కొంచెం తడి తాగుతుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి పైకి పోలేక కిందికి దిగుతుంది. కింద ఉన్నది టేకు దూలం. గోడలో దిగిన దాని కొన మొదట నానుతుంది, తర్వాత చెద పడుతుంది. పైనుంచి చూస్తే కప్పు గట్టిగానే ఉంటుంది, కొన్నేళ్ళకి దూలం కొన విరగొచ్చు. పైగా సిమెంటూ సున్నమూ ఎండకి ఒకేలా సాగవు, సిమెంటు పొర వెంట్రుక పగుళ్ళు తీస్తుంది, నీళ్ళు ఆ పగుళ్ళలోంచే దిగుతాయి. గోడలకీ ఇదే. కింది మూడు నాలుగు అడుగుల్లో సిమెంటు పూత వేస్తే నేల తడి ఇంకా పైకెక్కి, పూత పైన ఉప్పు పూస్తుంది.

ముందు ఎక్కడ కారుతోందో చూడండి. పది కారుడుల్లో ఎక్కువ భాగం కప్పు నడిమిలో ఉండవు. పిట్టగోడ మూలలో, తూము నోట్లో, రావి మొక్క మొదట్లో ఉంటాయి. తూము పూడుకుపోతే నీళ్ళు రోజుల తరబడి నిలుస్తాయి. రావి మొక్కని పీకితే ఇటుకలతో సహా వస్తుంది, పైకి నరికితే మళ్ళీ చిగురిస్తుంది. వేరున్న రెండు మూడు వరసల ఇటుక జాగ్రత్తగా విప్పి, వేరు మొత్తం తీసి, మళ్ళీ సున్నంతో కట్టాలి.

చెడిన చోట పెంకులు లేపి, వదులైన జల్లి గట్టిపొర తగిలేదాకా తీసి, అంచులు తడిపి కొత్త జల్లి వేయండి. సున్నం కనీసం పదిహేను రోజులు గుంటలో నానాలి, నెల అయితే ఇంకా మేలు. సరిగా చల్లారని గుల్ల ఒక్కటున్నా పూత వేశాక ఉబ్బి పొక్కుగా పేలుతుంది. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళు ఇసుక, గానుగలో నూరినదైతే మంచిది. కరక్కాయ పగలగొట్టి నానబెట్టిన నీళ్ళలో బెల్లం కలిపి పులియబెట్టి చల్లుతారు. బెల్లం ఎక్కువైతే సున్నం గట్టిపడటం ఆలస్యమవుతుంది. వానలకి కనీసం రెండు నెలల ముందే పని అయిపోవాలి. మనకి పెద్ద వాన అక్టోబరులో కాబట్టి ఆగస్టు నడిమి దాటనివ్వకండి.

దూలాల కొనలు సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అర అంగుళం కన్నా లోపలికి దిగితే ఆ దూలం కింద ముందు పోటు (ఆపు కర్ర) నిలబెట్టాలి, ఆ తర్వాతే కప్పు ముట్టుకోవాలి.

ఉత్తరపుదారి:
పలక సంగతి. నానబెట్టి మూడు పూతలు లేపాక నాలుగో వరుస చివర కనిపించింది: ‘వరహా ౩’. రెండో వరుసలో పోయిన అంకె టార్చి ఎడమ నుంచి వేసినప్పుడు ౧ (అంటే 1) లా, పైనుంచి వేసినప్పుడు ఏమీ లేనట్టు ఉంది. తిన్నెకి తలగడ దిమ్మ ఉంది. గాడిపొయ్యి లేదు, చిన్న పొయ్యి గూళ్ళు ఆరున్నాయి. ‘ఎ’ రిజిస్టర్‌లో సత్రం పొరంబోకు, 0.12 హెక్టారు.

ఫసలీలెక్క:
వరహా అని ఉండటం 1802 వైపే మొగ్గుతుంది. 1818 నుంచి మద్రాసులో రూపాయే ప్రమాణ నాణెం, నూరు వరహాలకి 350 రూపాయలు. 1862లో చెక్కించినవాళ్ళు రూపాయల్లో రాయడమే సహజం. మూడు వరహాలంటే పదిన్నర రూపాయలు, ఒక్క దీపం నూనెకి నెలకి ఇది ఎక్కువ. అక్కడ ‘దీపము నూనెకు’ పక్కన ఇంకేదైనా మాట ఉందేమో, ఊడ్చేవాళ్ళకనో నీళ్ళు తోడేవాళ్ళకనో, మళ్ళీ చూడండి. అంకె ఒక్క వైపు వెలుగులోనే కనిపిస్తే అది చెక్కుడు కాక రాతి పగులు కూడా కావచ్చు. కాగితం అచ్చు తీసేదాకా ‘1802 కావచ్చు’ అనే రాయండి.

ఎగ్మూరుపాఠకుడు:
భూమి లెక్క చూడండి. కాణి అంటే 24 మనైలు, మనై అంటే మన గ్రౌండు, 2,400 చదరపు అడుగులు. కాణికి 57,600 చదరపు అడుగులు, 1.32 ఎకరం. రెండు కాణులు 2.64 ఎకరాలు, హెక్టార్లలో 1.07. ఇప్పుడు రిజిస్టర్‌లో ఉన్నది 0.12, అయిదు గ్రౌండ్ల పైచిలుకు. అది కట్టడం నిలబడ్డ స్థలం మాత్రమే. ఫలకంలోని రెండు కాణులు దాన్ని కలుపుకుని అయినా, విడిగా అయినా, కనీసం 0.95 హెక్టారుకి లెక్క దొరకాలి.

మాన్యం సత్రానికి ఆనుకునే ఉండాలని లేదు, చెరువు కింద తడి భూమి కావచ్చు. ముందు ఆనుకున్న సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్‌లు తీసుకుని పాత నంబర్లు పక్కన రాయండి. తర్వాత ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఊరి పేరు, ధర్మదాయం, 2.64 ఎకరాలకి దగ్గరగా ఉన్న విస్తీర్ణం వెతకండి. రిజిస్టర్‌లో ఎకరాలు, సెంట్లలో ఉంటుంది, కాణి అని వెతికితే కనపడదు. ఆ పేజీకి సర్టిఫైడ్ కాపీ అడగండి, ఫొటో సరిపోదు. దొరికిన సర్వే నంబరుకి విల్లంగం సర్టిఫికెట్ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఎంత వెనక్కి ఇస్తే అంత వెనక్కి తీయించండి.

గానుగసున్నం:
ఈలోపు తూములు శుభ్రం చేసి, కారే చోట టార్పాలిన్ కప్పండి. టార్పాలిన్ కప్పుకి ఆనకుండా కింద వెదురు కర్రలు పెట్టి గాలి ఆడనివ్వండి. ఆనించి కప్పితే సిమెంటు చేసే చెరుపే అది కూడా చేస్తుంది.

ఉత్తరపుదారి:
కర్రలు పెట్టి కప్పించాను. తూములోంచి రెండు గంపల మట్టి వచ్చింది. ఎఫ్ఎంబీలకి దరఖాస్తు పెట్టాను. చెరువు వైపు ఒక తడి నంబరు 0.96 హెక్టారు కనిపిస్తోంది, పాత నంబరు రాగానే ఇక్కడే పెడతాను.